రాని పిల్లల హాజరు

బడి వదిలాక సాయంత్రం ఆరింటిదాకా పిల్లల్ని ఉంచుకునే ఆ ప్రభుత్వ కేంద్రానికి చెప్పాపెట్టకుండా తనిఖీ వచ్చిన సంగతి పోయినవారం చూశాం. వచ్చిన అధికారిణి పిల్లల్ని పేర్లు పెట్టి పిలవలేదు. తలలు లెక్కపెట్టింది. బల్లకింద నక్కి కూర్చున్న ఒకణ్ణి కూడా బయటికి రప్పించి లెక్కలో కలుపుకుంది. నలభైఒకటి తేలాయి. రిజిస్టరులో ఆ రోజు హాజరు అరవైఎనిమిది. తక్కిన ఇరవైఏడుగురూ ఏరని ఆమె తలెత్తి అడగబోతుండగా గుమ్మంలో పొట్టిజడ తల్లి వచ్చి నిలబడింది.

పొట్టిజడ ఆరో తరగతి పిల్ల. జడ భుజం దాటదు కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. తల్లిది ఆసుపత్రి లాండ్రీలో పని. పొద్దస్తమానం దుప్పట్లు ఉతికీ ఉతికీ ఆవిడ వేళ్ళ కొసలు తెల్లగా నాని ముడతలు పడి ఉంటాయి.

"మా అమ్మాయిని పంపిస్తారా టీచరుగారూ? మిషను ఆగిపోయిందని మమ్మల్ని తొందరగా వదిలేశారు. చెప్పులు కొనిద్దామని వచ్చా," అంది.

పెద్ద టీచర్ చటుక్కున కుర్చీలోంచి లేచింది. పదకొండేళ్ళుగా ఆ కేంద్రాన్ని నడుపుతున్న మనిషి. చిన్నపిల్లలకి పాలగ్లాసులు అందించే ఆయమ్మ దగ్గర్నుంచి ఆటల మాస్టారు దాకా అందరికీ ఆవిడ మాటే మాట. అలాంటిది, ఆ తల్లికేసి చూసి, "కూర్చోండమ్మా," అని మాత్రం అనగలిగింది.

"పేరు?" అని అడిగింది అధికారిణి. తల్లి చెప్పింది. అధికారిణి వేలు రిజిస్టరు మీద జారుకుంటూ వెళ్ళి పదిహేడో గీత దగ్గర ఆగింది.

"వచ్చినట్టే ఉంది. ఇందులో మీ అమ్మాయి ఏదీ?"

తల్లి హాలంతా కలియజూసింది. హోంవర్కు చేసేవాళ్ళు, చాపల మీద బొమ్మలేసేవాళ్ళు, పెద్దవాళ్ళ మధ్య ఏదో జరుగుతోందని పసిగట్టి ఊరికే చూస్తున్నవాళ్ళు. పొట్టిజడ లేదు.

"బాత్రూముకి వెళ్ళుంటుంది."

ఆయమ్మ వెళ్ళి చూసి వచ్చింది. అడ్డంగా తలూపింది. అధికారిణి పెద్ద టీచర్ వైపు చూసింది. ఆ చూపు తల్లికి నచ్చలేదు. తన బిడ్డ కనబడటం లేదన్న కంగారు కంటే, ఇన్నేళ్ళుగా తెలిసిన మనిషిని ఎవరో కొత్తావిడ అనుమానంగా చూస్తోందన్న బాధే ముందు కలిగినట్టుంది.

"టీచరుగారు రాశారంటే వచ్చినట్టే మేడమ్. వీళ్ళ రాతలో తప్పుండదు. నాకు చదువు రాదు గానీ మనుషుల్ని పోల్చుకోగలను. ఇక్కడే ఎక్కడో ఉంటుంది. మా పిల్ల అసలే ఒకచోట నిలవదు," అని నవ్వింది.

పెద్ద టీచర్‌కి తల కొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే తట్టుకునేదేమో. ఆవిడ తన తరఫున మాట్లాడుతోంది. 'ఇప్పుడే బయటికెళ్ళింది, వచ్చేస్తుంది' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆ ఒక్క మాట చాలు, ఈ పూట గడిచిపోతుంది. కానీ ఆ తల్లి మళ్ళీ నమ్మేస్తుంది. నమ్మి, ఆ బల్ల మీదే కూర్చుని, రాని కూతురి కోసం ఎదురుచూస్తుంది.

"ఇవాళ రాలేదమ్మా," అంది పెద్ద టీచర్.

"రాలేదా? మరి ఆవిడ వచ్చినట్టుందన్నారు?"

"ఇవాళే కాదు. మూడు వారాలుగా రావటం లేదు."

హాలులో ఎవరో పిల్లాడు పెన్సిలు చెక్కుతున్నాడు. తల్లి కేకలు వెయ్యలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది. పొడిగానే ఉన్నా మళ్ళీ తుడుచుకుంది.

"మొన్న శనివారం వచ్చి అడిగాను కదండీ. రోజూ వస్తోందా అని."

"అడిగారు."

"వస్తోందన్నారు. లెక్కల్లో బాగా పుంజుకుందన్నారు."

"అన్నాను."

"చూడకుండా ఎలా అన్నారండీ?"

పెద్ద టీచర్ రిజిస్టరుకేసి చూసింది. ఆ శనివారం ఆవిడ అడిగినప్పుడు ఆలోచించకుండా నోటికొచ్చిన మాట అది. తల్లుల్ని సంతోషపెట్టి పంపించడానికి అలవాటుగా వాడే నాలుగు మాటల్లో ఒకటి.

అధికారిణి రిజిస్టరు అట్ట తిప్పి లోపల అచ్చువేసిన నిబంధనల మీద వేలు పెట్టింది. "వరసగా ఐదు రోజులు రాని బిడ్డ ఇంటికి కేంద్రం నుంచి మనిషి వెళ్ళి చూడాలి. మీకు తెలియనిది కాదు మేడమ్. గైరుహాజరని రాసుంటే మీరు ఈపాటికి మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళొచ్చి ఉండేవారు."

"నా బిడ్డ ఎక్కడుంది?" అంది తల్లి. ఈసారి గొంతు మారిపోయింది. "అయ్యో, రోజూ చీకటి పడేసరికి ఇంట్లోనే ఉంటోందే! కేంద్రంలో ఏం చెప్పారే అంటే భిన్నాలు చెప్పారంటోందే! ఎక్కడికి పోతోందది?"

"నేను చెప్పనా టీచర్?"

పెదవి మీద పాల మీసంతో రెండో తరగతి పిల్ల ఒకతె లేచి నిలబడింది. "పొట్టిజడక్క గలగలక్క దగ్గరుంటుంది. కిటికీ దగ్గర."

"గలగల వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు కదమ్మా," అంది పెద్ద టీచర్.

"లేదే. ఉన్నారే. రంగుల గోడౌను వెనకాలే ఉన్నారే."

చుట్టూ ఉన్న పిల్లలు బుర్రలూపారు. హాలులో పిల్లలందరికీ తెలుసు.

గలగల పేరు రిజిస్టరులో పద్దెనిమిదో గీత మీద ఉంది. నోరు మూతపడని పిల్ల కాబట్టి ఆ పేరు. రెండు నెలలుగా రావటం లేదు. రెండు నెలలుగా హాజరే. వాళ్ళు వెళ్ళిపోయారని అప్పట్లో ఎవరో అన్నారు. నిజమో కాదో పెద్ద టీచర్ కనుక్కోలేదు. కనుక్కుంటే పేరు కొట్టెయ్యాల్సి వస్తుందని కనుక్కోలేదు.

"పదండి," అంది అధికారిణి, రిజిస్టరు చంకలో పెట్టుకుని.

పిల్లల్ని ఆటల మాస్టారికీ ఆయమ్మకీ అప్పగించి ముగ్గురూ బయల్దేరారు. తల్లి అందరికంటే ముందు, దాదాపు పరుగులాగా నడుస్తోంది. అధికారిణి ఎత్తుమడమల చెప్పులతో గతుకుల రోడ్డు మీద తడబడుతూ ఆవిణ్ణి అందుకోవాలని చూస్తోంది. పెద్ద టీచర్ వెనక. ముందుకెళ్ళి ఆ తల్లి పక్కన నడిచే ముఖం తనకి లేదు.

ఇదంతా రెండు పేర్లతో మొదలైంది. మూడేళ్ళ కిందట వానలు విడవకుండా పడ్డాయి. పిల్లలు తగ్గిపోయారు. సగటున అరవైమంది లేకపోతే కేంద్రం ఎత్తేస్తారు. నెలాఖరున లెక్క పంపిస్తే యాభైఎనిమిది వచ్చింది. పైఆఫీసు గుమాస్తా ఫోను చేశాడు. "సరిచేసి పంపండి మేడమ్," అన్నాడు. తప్పు రాయమనలేదు. సరిచెయ్యమన్నాడు. ఆ రాత్రి ఆవిడకి నిద్ర పట్టలేదు. మర్నాడు రెండు పేర్లకి హాజరు గీతలు పెట్టింది. జ్వరంతో పడుకున్న పిల్లలు, వచ్చేవారం ఎలాగూ వస్తారు కదా అనుకుంది. వచ్చారు కూడా. ఆ తర్వాత ఊరెళ్ళినవాళ్ళు. ఆ తర్వాత మానేసినవాళ్ళు. కేంద్రం మూతపడితే నిజంగా వచ్చే నలభైమందీ రోడ్డున పడతారు, వాళ్ళ కోసమే కదా, అనుకునేది. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే అది అంతకాలం పనిచేసింది. మూడేళ్ళలో ఆవిడ నిద్రకి మళ్ళీ ఇబ్బంది రాలేదు.

గోడౌను వెనక సందులో వరసగా ఒంటిగది ఇళ్ళు. మూడో ఇంటి కిటికీ కింద, బోర్లించిన రంగుడబ్బా మీద పొట్టిజడ కూర్చుని ఉంది. ఒళ్ళో పుస్తకం. కిటికీ ఊచల అవతల ఒక ముఖం, దాని పక్కన చంకలో ఏడాదిన్నర పిల్లవాడు.

"కింది అంకెలు వేరేవేరేగా ఉంటే కలపకూడదే. ముందు రెండూ ఒకటి చెయ్యాలి. నిన్న చెప్పానా లేదా? నిన్ను బెంచీ ఎక్కిస్తాను చూడు," అంటోంది పొట్టిజడ.

"గదిలో బెంచీ లేదుగా," అంది లోపలి పిల్ల.

తల్లిని చూడగానే పొట్టిజడ చటుక్కున లేచింది. రంగుడబ్బా దొర్లిపోయింది. తల్లి వచ్చి కూతుర్ని రెండు భుజాలూ పట్టుకుని పైనుంచి కిందిదాకా చూసుకుంది. కొట్టడానికి చెయ్యెత్తింది. ఆ చెయ్యే పిల్ల తల మీద ఆగిపోయింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే వద్దంటావుగా."

"దొంగతనంగా ఇలా..."

"దొంగతనం కాదమ్మా. దీని తమ్ముడు పుట్టాక వీళ్ళమ్మ మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్తోంది. మధ్యాహ్నం వాణ్ణి ఉంచుకునేవాళ్ళు లేరని దీన్ని బడి కూడా మాన్పించింది. పరీక్షలకి ఎలాగే అని ఏడ్చింది. అందుకని నేను చెప్తున్నా."

పెద్ద టీచర్ తలుపు వైపు చూసింది. బయట గొళ్ళేనికి తాళం వేలాడుతోంది. లోపల పదకొండేళ్ళ పిల్ల, పాలు మరవని పసివాడు, స్టవ్వు. తాళం బయట.

"రోజూ ఇలాగేనా?" అంది ఊచల దగ్గరికి వెళ్ళి.

గలగల వెంటనే జవాబు చెప్పలేదు. కేంద్రంలో పది ప్రశ్నలకి ఇరవై జవాబులు చెప్పే పిల్ల అది. ముఖం చిక్కింది. తమ్ముణ్ణి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

"మధ్యాహ్నం నుంచి ఏడింటిదాకా. అమ్మ వచ్చేదాకా." కొంచెం ఆగి అంది. "ఐదు రోజులకి వస్తారనుకున్నాను టీచర్. మీరు మొదటిరోజు అందరికీ చెప్తారుగా, రాకపోతే ఇంటికొచ్చి పట్టుకెళ్తానని. అమ్మకి కూడా చెప్పాను, టీచర్ వస్తారు, మాట్లాడతారని. లెక్కపెట్టుకున్నా. తర్వాత మానేశా."

పెద్ద టీచర్ ఊచలు పట్టుకుంది. ఏదో ఒకటి అనాలి. క్షమించమని పదకొండేళ్ళ పిల్లని అడగటం ఎలాగో ఆవిడకి తెలియలేదు.

"టీచర్‌కి తెలుసే," అంది పొట్టిజడ స్నేహితురాలితో, పెద్దదానిలా సర్దిచెప్తూ. ఇటు తిరిగింది. "గీతలు కొట్టమని నాకోసారి రిజిస్టరు ఇచ్చారు కదా టీచర్, అప్పుడు చూశాను. దీనికి రోజూ వచ్చినట్టే ఉంది. పేరు కొట్టేస్తే చోటు పోతుందని మీరు దాచిపెట్టి ఉంచారనుకున్నా. నేనిక్కడికి వస్తే నాక్కూడా అలాగే ఉంచుతారనుకున్నా."

భూమి చీలితే బాగుండునని ఊరికే అంటారనుకునేది పెద్ద టీచర్. ఆ పిల్ల కళ్ళలో నింద లేదు. మెచ్చుకోలు ఉంది. తను చేసిన పనికి తనెన్నడూ ఊహించనంత మంచి కారణం వెతికిపెట్టి, మూడు వారాలుగా దాన్ని నమ్ముకుని తిరుగుతోంది.

"కాదమ్మా," అంది. "దాని కోసం కాదు. నేను చూసుకోలేదు. అది వస్తోందో లేదో, ఎక్కడుందో, నేను చూడనేలేదు."

పొట్టిజడకి అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక తను తల్లి పక్కకి జరిగి నిలబడింది.

ఏడింటికి గలగల తల్లి ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి సందులో నలుగురు పోగయ్యారు. మనుషుల్ని చూసి, రిజిస్టరు పట్టుకున్న అధికారిణిని చూసి ఆవిడ ముఖం పాలిపోయింది. తాళంచెవి చేతిలోంచి జారిపడింది. వంగి తీసుకుని తలుపు తీస్తూనే మాట్లాడటం మొదలుపెట్టింది.

"తాళం వెయ్యకపోతే వాడు రోడ్డు మీదకి పోతాడమ్మా. అవతల కాలవుంది. నాకు ఇష్టమై వేశానా? పిల్లవాణ్ణి చూసేవాళ్ళు లేరు. నా వాళ్ళెవరూ ఈ చుట్టుపక్కల లేరు. కేంద్రం నుంచి టీచరుగారు వస్తారంటే, వచ్చినప్పుడు కాళ్ళావేళ్ళా పడైనా ఏదో దారి అడుగుదామనుకున్నా. ఎవరూ రాలేదు. నేనే వద్దామంటే సిగ్గేసింది. బిడ్డల్ని లోపల పెట్టి తాళమేస్తున్నానని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

"ఆ సిగ్గు మీది కాదమ్మా," అంది పెద్ద టీచర్. "రేపు ఇద్దర్నీ తీసుకురండి. బాబుని కూడా."

"ఆరేళ్ళలోపు పిల్లల్ని ఉంచుకోకూడదు," అంది అధికారిణి.

"తెలుసు మేడమ్."

"రేపటికి కేంద్రం ఉంటే కదా," అంది అధికారిణి మెల్లగా, పెద్ద టీచర్‌కే వినబడేలా.

వాళ్ళు తిరిగి కేంద్రానికి వచ్చేసరికి పిల్లలు వెళ్ళిపోయారు. ఆయమ్మ చాపలు చుట్టి, గ్లాసులు బోర్లించి, వాళ్ళని చూసి చీపురు తీసుకుని వరండాలోకి వెళ్ళింది. పొట్టిజడ తల్లి కూతురి చెయ్యి వదలకుండా లోపలికి వచ్చింది. ఇంటికెళ్ళమ్మా అని అధికారిణి రెండుసార్లు చెప్పింది. ఆవిడ కదల్లేదు.

అధికారిణి సంచిలోంచి తెల్లకాగితం తీసి బల్ల మీద పెట్టింది. "సంజాయిషీ రాసివ్వండి."

పెద్ద టీచర్ పెన్ను తీసుకుంది.

"ఆగండి." అధికారిణి వరండాకేసి చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఇప్పటిదాకా ఉన్న కరుకుదనం ఆ ముఖంలో లేదు. ముప్పైఐదేళ్ళుంటాయేమో, ఒక్కసారిగా అలిసిపోయినట్టు కనబడింది. "రెండు పేర్లు పొరపాటున పడ్డాయని రాయండి. పదిహేడూ పద్దెనిమిదీ. అంతే. తక్కినవాటి జోలికి పోవద్దు. మీకు మెమో ఇస్తారు, కేంద్రం ఉంటుంది. ఆ పసివాడి సంగతి నేను చూసీచూడనట్టు ఊరుకుంటాను."

"తక్కిన ఇరవైఐదుగురూ?"

"మీరు ఇరవైఏడు రాస్తే కేంద్రం ఉండదు. అంతటితో ఆగదు కూడా. పాత తనిఖీ కాగితాలు తీస్తారు." ఆమె చేతిలోని రిజిస్టరు అంచు గోకుతూ కూర్చుంది. "పోయిన మూడు తనిఖీలకీ నేను ఇక్కడికి రాలేదు. నా కింద పన్నెండు కేంద్రాలున్నాయి, ఒక్కదాన్నే. మీరు పంపిన లెక్క చూసి ఆఫీసులో కూర్చుని సంతకం పెట్టాను. ఇవాళ మొదటిసారి తలలు లెక్కపెట్టాను మేడమ్. ఎందుకు లెక్కపెట్టానా అని కూడా ఉంది నాకు."

పెద్ద టీచర్ ఆమె వైపు చూడలేకపోయింది. ఎదుటి మనిషి సిగ్గు తన సిగ్గుకి అద్దంలా ఉంది. ఆమె చెప్పినదాంట్లో ఒక్క మాటా అన్యాయంగా లేదు. నలభైఒక్కమంది పిల్లలు. రేపు మూడున్నరకి బడి గంట కొడితే పుస్తకాల సంచులు ఊపుకుంటూ ఈ గుమ్మంలోకే వస్తారు. గలగల కూడా వస్తుంది, చంకలో తమ్ముడితో. ఒక్క అంకె తగ్గించి రాస్తే చాలు. మూడేళ్ళ కిందట కూడా ఒక్క అంకె పెంచితే చాలనే కదా అనుకుంది.

"టీచరుగారూ."

పొట్టిజడ తల్లి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని బల్లకి ఎదురుగా కూర్చుంది. అధికారిణి గొంతు తగ్గించి మాట్లాడినా ఆవిడకి చాలావరకు వినబడిందని ఆ ముఖమే చెబుతోంది.

"మీరేం రాస్తారో మీ ఇష్టం. పెద్ద ఆఫీసు గొడవలు నాకు తెలియవు. నాకు చదవటం రాదు కాబట్టి ఒకటే అడుగుతున్నా. రాశాక పైకి చదివి వినిపించండి."

"అమ్మాయికి చదవటం వచ్చుగా," అంది అధికారిణి. "కావాలంటే అది చదువుతుంది."

"వద్దు," అంది తల్లి. "టీచరుగారే చదవాలి. వాళ్ళు చదివిందే కాగితం మీద ఉందనుకుంటాను."

పెద్ద టీచర్ కాగితం ముందుకి లాక్కుంది. తర్వాత రాయటం మొదలుపెట్టింది. వరండాలో చీపురు చప్పుడు ఆగిపోయింది. కాగితం సగం నిండాక ఆవిడ పెన్ను కింద పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, పొట్టిజడ తల్లి ముఖంలోకి చూసింది. సాయంత్రం నుంచి అలా చూడటం అదే మొదటిసారి.

"మూడేళ్ళుగా ఈ కేంద్రం రిజిస్టరులో నేను," అని చదివింది, గొంతు సవరించుకుని, "రాని పిల్లల్ని వచ్చినట్టు..."

అధికారిణి చెయ్యి వచ్చి కాగితం మీద పడింది.